మందిరం ఎవరి పేరు మీద ఉంది?

కోస్తా జిల్లాల్లో ఓ మోస్తరు ఊరికి వెళితే రెండు మూడు రకాల చర్చిలు కనిపిస్తాయి. పాత గోడలు, గంట గోపురం ఉన్నది లూథరన్లదో, బాప్టిస్టులదో, సీఎస్‌ఐ వాళ్లదో అయి ఉంటుంది. మరియమాత బొమ్మ ఉంటే ఆర్‌సీఎం. ఊరి చివర రేకుల షెడ్డు, దాని మీద మైకు, గుమ్మం ముందు చెప్పుల వరుస ఉంటే దాన్ని జనం 'పెంతెకోస్తు వాళ్ల మందిరం' అంటారు. బయటివాళ్లకు ఆ షెడ్లన్నీ ఒకటే. నిజానికి వాటిలో ఒక్కోదాని పుట్టుక వేరు, కట్టుబాట్లు వేరు, ఆస్తి పత్రం మీద ఉండే పేరు కూడా వేరు. ఈ సంగతి తెలియకపోవడం వల్లే ఆ సంఘాల గురించి మాట్లాడేవాళ్లు, అభిమానులైనా విమర్శకులైనా, తరచుగా పొరబడుతుంటారు.

ఈ సంఘాలు ఎలా పుట్టి, ఎలా పెరుగుతాయో అర్థం కావాలంటే ఒకదాన్ని తీసుకుని దగ్గరగా చూడటం మేలు. ఇండియా పెంతెకోస్తల్ చర్చ్ ఆఫ్ గాడ్ అందుకు సరైన ఉదాహరణ. సభ్యులు పొట్టిగా ఐపీసీ అంటారు. దాని కేంద్ర కార్యాలయం కేరళలోని పత్తనంతిట్ట జిల్లా కుంబనాడులో ఉంది. నాయకత్వంలో మొదటి నుంచీ మలయాళీలే ఎక్కువ. కానీ ఆ సంఘం సొసైటీగా రిజిస్టరైంది మన ఏలూరులో, 1935 డిసెంబరు 9న. ఏలూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, బ్రిటిష్ ఇండియాలో ఉంది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం అక్కడ అమల్లో ఉంది. కుంబనాడు మాత్రం తిరువాన్కూరు సంస్థానంలోది, ఆ చట్టం పరిధికి బయటిది. అప్పటికే పి.ఎం. శామ్యూల్ అనే కేరళ బోధకుడు ఆంధ్ర ప్రాంతంలో పని మొదలుపెట్టారు. ఈ రెండూ కలిసి ఏలూరు పేరు ఆ సంఘ చరిత్రలో మొదటి పేజీకి ఎక్కింది.

ముందుగా నమ్మకాలు చూద్దాం. మూల సిద్ధాంతాల్లో ఐపీసీ ఇతర ప్రొటెస్టంట్ సంఘాలకు దూరమేమీ కాదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడని నమ్ముతుంది. బైబిలే అంతిమ ప్రమాణం అంటుంది. తేడా వచ్చేది నాలుగు చోట్ల.

మొదటిది బాప్తిస్మం (క్రైస్తవంలోకి వచ్చానని తెలిపే నీటి సంస్కారం). సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల్లో పసిబిడ్డ నుదుట నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. పెంతెకోస్తు వాళ్లు దాన్ని అంగీకరించరు. పశ్చాత్తాపపడటం పసిబిడ్డ వల్ల కాదు కాబట్టి ఊహ తెలిసి, మనసు మార్చుకున్నవాళ్లే నీటిలో పూర్తిగా మునగాలంటారు. డెల్టాలో ఇది పంట కాలువల్లో జరుగుతుంది. పాస్టర్ గారు నడుము లోతు నీళ్లలో నిలబడతారు. బాప్తిస్మం తీసుకునే మనిషి తెల్లబట్టల్లో గట్టు దిగి వస్తాడు. యేసును రక్షకుడిగా నమ్ముతున్నావా అని అడుగుతారు. నమ్ముతున్నానని గట్టిగా అందరికీ వినపడేలా చెప్పాలి. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టి వెనక్కి ముంచి లేపుతారు. గట్టు మీద ఆడవాళ్లు పాట అందుకుంటారు, ఎవరో తువ్వాలు అందిస్తారు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే మందిరం ఆవరణలో కట్టుకున్న సిమెంటు తొట్టిలో ఇస్తారు. పాత పాపజీవితం చచ్చి, సమాధి అయి, కొత్త మనిషి లేచాడని దాని అర్థం.

రెండోది ఆత్మ బాప్తిస్మం. యూదుల పస్కా పండుగ తర్వాత యాభయ్యో రోజు పెంతెకోస్తు. ఆ రోజున యెరూషలేములో శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిందనీ, వాళ్లు తమకు రాని భాషల్లో మాట్లాడారనీ బైబిల్లోని అపొస్తలుల కార్యాల గ్రంథం రెండో అధ్యాయం చెబుతుంది. ఈ అనుభవం అప్పటితో ముగిసిపోలేదు, ఇప్పటికీ ప్రతి విశ్వాసికీ దొరుకుతుందన్నది పెంతెకోస్తు వాదం. దానికి బయటి గుర్తు అన్యభాషలు (ప్రార్థనలో పలికేవాడికే అర్థం కాని పలుకులు). ఇందుకోసం కనిపెట్టు ప్రార్థనలు (ఆత్మ కోసం ఎదురుచూస్తూ గంటల తరబడి చేసే ప్రార్థనలు) పెడతారు. అందరూ ఒకేసారి, ఎవరి ప్రార్థన వాళ్లు గొంతెత్తి చేస్తారు. కొత్తగా చూసేవాళ్లకు అది గందరగోళంలా ఉంటుంది. లోపల ఉన్నవాళ్లకు మాత్రం, రాసిపెట్టిన ప్రార్థన చదవడం కాకుండా తన గొంతుతో తన కష్టం చెప్పుకునే సమయం అది.

మూడోది స్వస్థత. ప్రార్థనతో రోగం నయమవుతుందని నమ్ముతారు. దీని గురించి తర్వాత వివరంగా చెబుతాను. నాలుగోది రెండవ రాకడ. యేసు మళ్లీ వస్తాడనీ, సంఘం ఎత్తబడుతుందనీ, ఆ రోజు దగ్గర్లోనే ఉందనీ బోధిస్తారు. లోకం ఎక్కువ కాలం నిలవదనుకున్న మనిషి ఆడంబరాన్ని లక్ష్యపెట్టడు. నగలు తీసేయడం, తెల్లబట్టలు, సాదా జీవితం ఈ నమ్మకంలోంచి వచ్చినవే. కేరళలో పెళ్లినాటి మిన్ను (మన తాళిబొట్టు లాంటిది) కూడా తీసేసిన కుటుంబాలున్నాయి. మన దగ్గర బొట్టు, పూలు, గాజులు, బంగారం దగ్గర ఇదే పట్టింపు. ఇది చిన్న సంగతి కాదు. మన ఇళ్లలో బంగారం అంటే అలంకారం ఒక్కటే కాదు, ఆపదకు దాచుకున్న డబ్బు. కాబట్టి కోడలు పెంతెకోస్తు మందిరానికి వెళ్లడం మొదలుపెట్టిన ఇంట్లో మొదటి గొడవ దేవుడి గురించి కాదు, మెడలో గొలుసు గురించి వస్తుంది.

ఈ ఉద్యమం ఎక్కడ మొదలైందంటే సాధారణంగా అమెరికా పేరు చెబుతారు. 1906లో లాస్ ఏంజెలిస్ నగరం అజూసా వీధిలో విలియం సేమోర్ అనే నల్లజాతి బోధకుడి నాయకత్వంలో జరిగిన కూటాలు ప్రపంచమంతా పేరు పొందాయి. అయితే అంతకు ముందే, 1905లో, పూణే దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో ఇలాంటి ఉజ్జీవం (భక్తి ఒక్కసారిగా ఎగసిపడటం) వచ్చింది. అక్కడ ప్రార్థించినవాళ్లలో ఎక్కువమంది వితంతువులు, కరవులో దిక్కులేనివాళ్లయిన ఆడపిల్లలు. కాబట్టి పెంతెకోస్తు అనుభవం ఈ దేశానికి పూర్తిగా ఓడ ఎక్కి వచ్చిందనడం సరికాదు.

కేరళకు అమెరికన్ మిషనరీలు మాత్రం వచ్చారు. 1909లో జార్జ్ బెర్గ్, ఆ తర్వాత కొన్నేళ్లకు రాబర్ట్ కుక్. వాళ్ల మాట విన్నవాళ్లలో చాలామంది అప్పటికే తరతరాలుగా క్రైస్తవులైన, సిరియన్ క్రైస్తవ సంప్రదాయానికి చెందిన మలయాళీ కుటుంబాల వాళ్లు. మారామణ్‌లో పంపా నది ఇసుక తిన్నెల మీద 1890ల నుంచీ ఏటా పెద్ద సువార్త సభలు జరుగుతూ ఉన్నాయి. పసిబిడ్డల బాప్తిస్మాన్ని కాదని పాత సంఘం నుంచి విడిపోయిన వేర్పాటు సంఘాలూ అప్పటికే ఉన్నాయి. నేల దున్ని ఉంది.

ఆ నేపథ్యంలోంచి వచ్చిన మనిషి కె.ఇ. అబ్రహాం. 1899లో చెంగన్నూరు దగ్గర ములక్కుళలో పుట్టారు. సిరియన్ కుటుంబం. యౌవనంలోనే వేర్పాటు సంఘంలో చేరి, 1923లో ఆత్మ బాప్తిస్మం పొందానని చెప్పి పెంతెకోస్తులోకి వచ్చారు. ఐపీసీ తన పుట్టుకను 1924 నుంచి లెక్కిస్తుంది. కొన్నేళ్లు ఆయన రాబర్ట్ కుక్‌తో కలిసి పనిచేశారు. 1930లో విడిపోయారు.

విడిపోవడానికి కారణం సిద్ధాంతం కాదు. ఇద్దరూ అదే బాప్తిస్మాన్ని, అదే అన్యభాషలను నమ్మారు. పేచీ ఆస్తి, పెత్తనం దగ్గర వచ్చింది. అప్పటి పద్ధతి ఇలా ఉండేది. విదేశీ సంఘాల నుంచి డబ్బు మిషనరీకి వస్తుంది. ఆ డబ్బుతో కొన్న స్థలం మిషన్ పేరు మీదో, మిషనరీ పేరు మీదో ఉంటుంది. స్థానిక బోధకుడికి జీతం మిషనరీ ఇస్తాడు. జీతం ఇచ్చేవాడే ఎక్కడ బోధించాలో, ఎవరిని పెట్టుకోవాలో చెబుతాడు. మందిరానికి మట్టి మోసింది, పైకప్పు వేసింది ఊరివాళ్లయినా, మిషనరీతో తేడా వస్తే బయట నిలబడాల్సింది ఊరివాళ్లే. అబ్రహాం దీన్ని ఒప్పుకోలేదు. స్థానిక సంఘం తన కాళ్ల మీద తాను నిలబడాలి, స్థలం సంఘానిదై ఉండాలి, విదేశీయుడి పెత్తనం ఉండకూడదు అన్నారు. ఇది స్వదేశీ, స్వరాజ్యం అనే మాటలు దేశమంతా మోగుతున్న కాలం. 1930లోనే కుంబనాడులో హెబ్రోను బైబిల్ పాఠశాల మొదలుపెట్టారు. సంఘం పేరులో 'దక్షిణ భారత' అని ఉన్నదాన్ని 1930ల నడుమ 'భారత' అని మార్చుకున్నారు. ఆ పేరుతోనే ఏలూరు రిజిస్ట్రేషన్ జరిగింది.

ఆయనకు అండగా నిలిచినవాళ్లలో సిలోన్ పెంతెకోస్తు మిషన్ స్థాపించిన పాస్టర్ పాల్ ఒకరు. రామన్‌కుట్టి అనే పేరుతో కేరళలో హిందూ కుటుంబంలో పుట్టి, సిలోన్‌లో క్రైస్తవుడైన మనిషి ఆయన. 1930లో అబ్రహాంకు పాస్టర్‌గా అభిషేకం ఇచ్చింది ఆయనే. అంటే మిషనరీ చేతి నుంచి కాక, ఇంకో దక్షిణ భారతీయుడి చేతి నుంచి అధికారం అందింది. ఇక్కడే ఇంకో మాట. తెలుగువాళ్లకు హెబ్రోను అనగానే హైదరాబాదులో భక్తసింగ్ గారి సంఘం గుర్తొస్తుంది. ఆ హెబ్రోనుకూ కుంబనాడు హెబ్రోనుకూ సంబంధం లేదు. భక్తసింగ్ సంఘాలు స్వదేశీవే గానీ పెంతెకోస్తువి కావు.

తెలుగు నేల మీదికి ఐపీసీ వచ్చేసరికి ఇక్కడా పునాది ఉంది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలు వైపు, లూథరన్లు గుంటూరు వైపు, కెనడా బాప్టిస్టులు కాకినాడ వైపు అప్పటికి ఎన్నో దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. పల్లెల్లో క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. పెంతెకోస్తు బోధకులకు మొదట చెవి ఒగ్గినవాళ్లలో చాలామంది వీళ్లే. అందువల్ల పాత సంఘాలకు కోపం రావడం సహజం. మా గొర్రెలను తోలుకుపోతున్నారన్న మాట ఆనాడూ ఉంది, ఇప్పుడూ ఉంది. రెండోసారి బాప్తిస్మం తీసుకోవడమంటే మొదటిది చెల్లదని చెప్పడమే కదా. విడిపోయిన కుటుంబానికి ఆ దెబ్బ చావు దగ్గర తగిలేది. పాత సంఘం సమాధుల దొడ్డిలో చోటు దొరకదు. కొత్త సంఘానికి సొంత దొడ్డి ఉండదు. కేరళలో పెంతెకోస్తులు ప్రత్యేకంగా శ్మశానాలు కొనుక్కోవలసి వచ్చింది.

ఇన్ని ఇబ్బందులున్నా ఈ ఉద్యమం ఎందుకు పెరిగింది? నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఖర్చు. పాత సంఘంలో ఒక కొత్త చర్చి మొదలవాలంటే డయాసిస్ (బిషప్ పాలనలో ఉండే ప్రాంతం) ఒప్పుకోవాలి, ఏళ్ల తరబడి వేదాంత విద్య చదివిన గురువు కావాలి, ఆయనకు జీతం, ఇల్లు కావాలి. పెంతెకోస్తు సంఘం ఒక ఇంటి వసారాలో, నాలుగు కుటుంబాలతో మొదలవుతుంది. బోధకుడు నిన్నటిదాకా కూలి పనికి వెళ్లినవాడు కావచ్చు, లారీ క్లీనరు కావచ్చు. కొద్దికాలం బైబిల్ పాఠశాలలో చదివితే చాలు. ఆ చదువు లేకపోయినా పిలుపు ఉందని సంఘం నమ్మితే చాలు. ఆయన ఆ వాడలోనే ఉంటాడు, వాళ్ల భాషే మాట్లాడతాడు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు.

ఆయన బతుకు దశమభాగం (సంపాదనలో పదో వంతు) మీద నడుస్తుంది. కూలి డబ్బులోంచి పదో వంతు, పాడి ఉంటే మొదటి జున్నుపాలు, పంట వస్తే బియ్యం, పిల్లాడికి ఉద్యోగం వస్తే మొదటి జీతంలోంచి కృతజ్ఞత కానుక. పైనుంచి జీతం రాదు కాబట్టి ఎవరూ ఆయనను బదిలీ చేయలేరు. కింది నుంచి కానుక రాకపోతే ఆయన ఇల్లు గడవదు. ఈ ఏర్పాటు బోధకుణ్ని జనానికి దగ్గర చేస్తుంది. అదే ఏర్పాటు ఆయనను ఒత్తిడిలోకీ నెడుతుంది. విత్తితే కోస్తావు, కానుక ఇస్తే ఆశీర్వాదం రెట్టింపవుతుంది అనే బోధ బలపడటానికి ఒక కారణం ఇక్కడే ఉంది. మొదటి తరం నగలు తీసేయమంది. ఇప్పటి కొన్ని వేదికల మీద కారు, బంగళా దేవుడి దీవెనకు రుజువులయ్యాయి. ఈ రెండూ ఒకే మతశాఖ నుంచి వచ్చాయంటే ఆశ్చర్యమే గానీ, బోధకుడు పూర్తిగా కానుక మీద బతకాల్సిన చోట ఆ మార్పు అనుకోనిదేమీ కాదు.

రెండో కారణం ఆడవాళ్లు. ఒక వారపు రోజు ఉపవాస కూటానికి వెళ్లి చూస్తే మూడు వంతుల మంది వాళ్లే ఉంటారు. తలమీద కొంగు కప్పుకుని చాపల మీద కూర్చుంటారు. సాక్ష్యాల సమయం వస్తుంది. ఒకామె లేస్తుంది. చేతిలో మైకు పట్టుకోవడం కొత్త కాబట్టి కాస్త దూరంగా పెట్టుకుంటుంది. భర్త తాగుడు మానాడనో, కూతురికి కాన్పు సుఖంగా అయిందనో, అప్పులవాడు ఇంకో నెల గడువు ఇచ్చాడనో చెబుతుంది. అందరూ స్తోత్రం అంటారు. పంచాయతీలోనూ, ఇంట్లోనూ నోరు విప్పే వీలులేని మనిషి మాట ఇక్కడ యాభైమంది నిశ్శబ్దంగా వింటారు. పైగా మగవాడు సారా మానితే ఆ ఇంటి లెక్కే మారిపోతుంది. కూలి డబ్బు ఇంటికి చేరుతుంది, పిల్లలు బడిలో నిలుస్తారు. ఇది కళ్లకు కనపడే మార్పు, పక్కింటివాళ్లు కూడా చూసే మార్పు. ఇంత చేసినా పాస్టర్‌గా అభిషేకం మాత్రం సాధారణంగా మగవాళ్లకే. సంఘం బరువు మోసేది ఆడవాళ్లు, సంతకం పెట్టేది మగవాళ్లు. ఇది సరిదిద్దుకోవలసిన లోటని నేను నమ్ముతాను.

మూడోది స్వస్థత. వైద్యం అందని చోట, అందినా డబ్బు లేని చోట, ప్రార్థన మొదటి ఆసరా అవుతుంది. పాస్టర్ వచ్చి తలమీద చెయ్యి పెట్టి, నూనె రాసి, పేరుపెట్టి ప్రార్థిస్తాడు. రోగి ఒంటరి కాదని తెలియడంలోనే ధైర్యం ఉంది. తొలి తరం పెంతెకోస్తుల్లో మందులు ముట్టనివాళ్లు చాలామంది. సిలోన్ పెంతెకోస్తు మిషన్ సేవకులు ఆ నియమం గట్టిగా పాటించారు. ఐపీసీ వంటి సంఘాల్లో ఇప్పుడు ఎక్కువమంది ప్రార్థనా చేయించుకుంటారు, ఆసుపత్రికీ వెళతారు. కేరళ పెంతెకోస్తు కుటుంబాల నుంచి వచ్చిన నర్సులు దేశదేశాల్లో పనిచేస్తున్నారు. ప్రమాదం ఉన్నది నయమైందని ప్రకటించి మందులు ఆపించే చోట. క్షయ మాత్రలు మధ్యలో ఆపితే రోగం మందుకు లొంగకుండా తయారవుతుంది. ఇన్సులిన్, మూర్ఛ మందులు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రార్థన చేసే పాస్టరే 'మాత్రలు మాత్రం మానకమ్మా' అని ఒక్క మాట అంటే, డాక్టరు మాట కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఈ సంఘాల్లో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు అంకె చెప్పేవాళ్లను కాస్త జాగ్రత్తగా వినాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. 2001లో 1.55 శాతం. మందిరాలు పెరగడం కళ్లముందు కనిపిస్తుంటే లెక్కలో తగ్గడమేమిటి? కారణాల్లో పెద్దది 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు. దాని ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి ఆ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఎస్సీ హాస్టలు, ఉద్యోగం, అట్రాసిటీ చట్టం రక్షణ, ఎన్నికల్లో రిజర్వుడు సీటు అన్నీ ఆ ఒక్క కాగితంతో ముడిపడి ఉన్నాయి. అందుకని ఆదివారం మందిరానికి వెళ్లే మనిషి కాగితం మీద హిందువుగానే ఉంటాడు. దీన్ని మోసమని కొందరంటారు, గత్యంతరం లేనితనమని కొందరంటారు. మతం మారినా వాడలో కులం మారలేదన్నది మాత్రం ఇద్దరికీ తెలుసు. సంఘాల లోపల కూడా కులం పోలేదు. కేరళలో సిరియన్ కుటుంబాల పెత్తనం, ఇక్కడ మాల, మాదిగ సంఘాలు వేరువేరుగా ఉండటం అందుకు గుర్తులు.

గల్ఫ్ వలస ఈ ఎదుగుదలకు ఇంకో దారి తెరిచింది. మలయాళీలు వెళ్లిన ప్రతి చోటా ఐపీసీ శాఖలు వెలిశాయి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లిన తెలుగు ఆడవాళ్లు ఇళ్లలో పని చేస్తూ, సెలవు దొరికిన శుక్రవారం తెలుగు ఆరాధనకు వెళతారు. వారమంతా అరబ్బీలో ఆజ్ఞలు విన్న మనిషికి అక్కడ తన భాష దొరుకుతుంది. ఊళ్లో మందిరం రేకుల నుంచి స్లాబుకు మారిందంటే దాని వెనక ఆ దినార్లు ఉండటం మామూలే. ఇది సొంత మనుషుల కష్టార్జితం. విదేశీ సంస్థలు పంపే విరాళాల సంగతి వేరు. ఆ డబ్బుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ శాఖకు రావాలి, పాలనా ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. వాటి మీద ఆధారపడ్డ సంస్థలకు ఊపిరి బిగిసింది. దశమభాగాల మీద నడిచే చిన్న సంఘానికి ఆ చట్టంతో పనే పడదు. స్వయంపోషణ గురించి అబ్రహాం పట్టుబట్టింది ఇక్కడ అక్కరకొచ్చింది.

కానీ ఆ స్వతంత్రానికి రెండో వైపు ఉంది. ఐపీసీలో జనరల్ కౌన్సిల్ ఉంది, రాష్ట్ర కౌన్సిళ్లు ఉన్నాయి, ఎన్నికలున్నాయి. అయినా స్థానిక సంఘానికే ఎక్కువ స్వేచ్ఛ. ఎన్నికలున్న చోట వర్గాలు ఏర్పడతాయి, వర్గాలు కోర్టులకు వెళతాయి. ఐపీసీ దీనికి మినహాయింపు కాలేదు. ఇక ఏ సంఘంలోనూ చేరని స్వతంత్ర పాస్టర్లు ఈరోజు తెలుగు పల్లెల్లో చాలా ఎక్కువ. నమ్మకాలు అవే, బాప్తిస్మం అదే, పాటలు అవే. పైన కౌన్సిల్ ఒక్కటే లేదు. అక్కడ స్థలం చాలాసార్లు పాస్టర్ పేరు మీదో, ఆయన కుటుంబంతో వేసిన ట్రస్టు పేరు మీదో ఉంటుంది. కారణం దురాశే అనుకోనక్కర్లేదు. నాలుగు కుటుంబాలతో మొదలైనప్పుడు సొసైటీ లేదు, బ్యాంకు ఖాతా లేదు, రిజిస్ట్రారు ముందు నిలబడి సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషి ఆయనొక్కడే. రెండు సెంట్లు కొనడానికి భార్య గాజులు అమ్మినవాళ్లూ ఉన్నారు.

చిక్కు ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత వస్తుంది. పాస్టర్ గారు ముసలివారవుతారు, లేదా చనిపోతారు. స్థలం ఆయన పేరు మీదే ఉంటే చట్టం ప్రకారం అది వారసులది. కొడుకు కూడా సేవలో ఉంటే పీఠం అతనికే వస్తుంది, అతని బోధ నచ్చినా నచ్చకపోయినా. సేవలో లేకపోతే ఆ స్థలం భాగపంపకాల్లోకి వెళుతుంది. ఇరవై ఏళ్లుగా పదో వంతు ఇచ్చిన విశ్వాసుల దగ్గర ఏ కాగితమూ ఉండదు. పెద్దమనుషుల్లో పంచాయతీ నడుస్తుంది. కొన్ని చోట్ల సంఘం పేరు మీద సొసైటీ రిజిస్టర్ చేయించి, స్థలాన్ని గిఫ్ట్ డీడ్‌తో రాయించుకుని సర్దుకుంటారు. అలా కుదరని చోట ఒక వర్గం బయటికొచ్చి, వాళ్లలో ప్రార్థనాపరుడని పేరున్న ఒకరిని పాస్టర్‌గా పెట్టుకుని, రెండు వీధుల అవతల ఒక ఇంటి వసారాలో ఆరాధన మొదలుపెడుతుంది. ఏడాది తిరిగేసరికి అక్కడ షెడ్డు లేస్తుంది. ఊళ్లో ఇంకో మందిరం వచ్చిందని జనం లెక్క వేస్తారు. అలా పెరిగిన మందిరాల్లో కొన్ని కొత్త విశ్వాసుల వల్ల వచ్చినవి, కొన్ని పాత తగాదా వల్ల వచ్చినవి. ఏది ఏదో తెలియాలంటే ఆ స్థలం రిజిస్ట్రేషన్ కాగితం ఎవరి పేరున ఉందో, అంతకు ముందు వాళ్లు ఏ మందిరానికి వెళ్లేవారో అడగాలి.